పక్క జోన్ మమ్మీ

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీలాంటి పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "మేడమ్, మీ సర్వీసులో మీరు సాధించిన పెద్ద విజయం ఏమిటి?" అని అడుగుతారు. నేను సాధించినవి కొన్ని ఉన్నాయి. అవేవీ సరిగ్గా గుర్తు లేవు. బాగా గుర్తున్న విజయం నాది కాదు, పక్క జోన్ ఆవిడది. అది నాది కావలసింది కనకనే ఇంత బాగా గుర్తుంది.

మీకు ఇలాంటివి చెప్పకూడదని మా ఆయన అంటారు. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు సేవాభావం గురించి చెప్పాలట. సేవాభావం సంగతి మీకు ట్రైనింగులో చెబుతారు. కుళ్లు సంగతి ఎవరూ చెప్పరు. నేను చూసినంతలో ఆఫీసుల్లో సగం పనులు దాని పుణ్యమా అనే నడుస్తాయి, కాబట్టి నేనే చెబుతాను.

మాది తెనాలి. పెళ్లయ్యాక ఢిల్లీ వచ్చి, ఇల్లు లేనివాళ్లకు పడక చూపించే ఒక విభాగంలో చేరాను. అలాంటి పడక ఇళ్లను అక్కడ రైన్ బసేరా అంటారు, మేం ఉత్త బసేరా అనేవాళ్లం. యమున దాటాక వచ్చే తూర్పు జోన్ బసేరాలన్నీ నా కింద ఉండేవి. ఏ మంచం మీద చూసినా దుప్పటి ఒకే మడతలో ఉండేది. ఫినాయిల్ వాసన గేటు దగ్గరికే వచ్చేది. పైవాళ్లు ఎవరికైనా బసేరా చూపించాలంటే నా జోన్‌కే తీసుకొచ్చేవారు. ఇది గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను.

కరోల్ బాగ్ వైపు జోన్ ఆవిడది. పంజాబీ మనిషి, ఉద్యోగంలో నాకంటే చాలా వెనక చేరింది. ఆవిడ నవ్వితే కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేది. ఆవిడ బసేరాల్లో దుప్పట్లు ఎక్కడ పడితే అక్కడ ఉండేవి. మీటింగుకు ఎప్పుడూ ఆలస్యమే. వస్తూ వస్తూ ముల్లంగి పరాఠాల డబ్బా తెచ్చేది. ఆలస్యం ఎందుకైందని అడగాల్సిన మా పైఅధికారి సాహెబ్ నోట్లో అప్పటికే పరాఠా ఉండేది. నన్ను 'మద్రాసన్ దీదీ' అని పిలిచేది. తెనాలి మద్రాసులో లేదని ఎన్నిసార్లు చెప్పానో. "అరె దీదీ, మీ సాంబార్ మాత్రం ఫస్ట్ క్లాస్" అనేది. నేను ఆఫీసుకు సాంబారు ఎప్పుడూ తీసుకెళ్లలేదు.

ఏవో పెద్ద ఆటల పోటీలు రాబోతున్నాయని నగరమంతా తవ్వి పోస్తున్న రోజులవి. ఫ్లైఓవర్ల కింద పడుకునేవాళ్లను తెల్లారేసరికి లేపి పంపించేసేవారు. ఒక ఉదయం నా జోన్‌లో అలా ఖాళీ చేయిస్తుంటే, లేచినవాళ్లకు బసేరా దారి చూపించడానికి నేనూ వెళ్లాను. మసకచీకట్లో ఎవరో తెలుగులో తిడుతున్నారు.

"నా దుప్పటి నాకియ్యున్రి! మీ అయ్య సొమ్మా, గిట్ల గుంజుకపోతున్నరు?"

దగ్గరికి వెళ్లాను. చీర కొంగు నడుముకు బిగించి, ఒక చేత్తో దుప్పటి లాగుతూ, ఇంకో చేత్తో కుట్టుపని సంచి గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. పాతికేళ్లు ఉంటాయేమో. ఇప్పుడు మనం ట్రాన్స్ మహిళ అంటున్నాం. అప్పట్లో మా ఆఫీసులో హిజ్రా అనే మాటే ఉండేది, దాన్ని కూడా గొంతు తగ్గించి అనేవారు.

"ఏ ఊరమ్మా?" అన్నాను.

"నల్లగొండ. ఐతే ఏంది? లేచి పొమ్మని తెలుగుల చెప్పనీకె వొచ్చినవా?"

పరాయి ఊళ్లో తెలుగు మాట చెవిన పడితే ఎవరైనా మొహం విప్పార్చుకుని 'మీరు తెలుగువాళ్లా' అంటారు. ఈమె మాత్రం హిందీలో తిట్టడం చేతగాక ఇన్నాళ్లూ దాచుకున్నదంతా నా నెత్తిన పోసింది. అంతా అయ్యాక, బసేరాకు రమ్మన్నాను.

"పోయిన. మగోళ్ల దాంట్ల నా చీర జూసి ఆడోళ్ల దానికి వొమ్మన్నరు. ఆడోళ్ల దాంట్ల నా గొంతు ఇని మగోళ్ల దానికి వొమ్మన్నరు. రెంటికి నడుమ గీ పిల్లర్ ఉన్నది. గీడనే పంటున్న."

ఆ రెండు బసేరాలూ నావే.

తర్వాత తర్వాత ఆమె కథ కొంచెం కొంచెంగా తెలిసింది. హిజ్రాలు ఒక గురువు దగ్గర చేరి ఒకే ఇంట్లో బతుకుతారు. ఆ ఇంటిని డేరా అంటారు, శిష్యురాలిని చేలా అంటారు. ఈమె కూడా ఒక డేరాలో ఉండేది. పెళ్లిళ్లకూ పురుళ్లకూ వెళ్లి పాడి, దీవించి రావడం ఆమెకు నచ్చలేదు. కుట్టుపని చేసుకుంటానంది. మా పని నీకు తక్కువైందా అని గురువు నొచ్చుకుంది. మాటామాటా పెరిగింది, ఈమె చెప్పకుండా వచ్చేసింది. కరోల్ బాగ్‌లో ఒక చీరల దుకాణం యజమాని ఆమె చేతిపని చూసి, చీరలకు ఫాల్ కుట్టే పని ఇస్తానన్నాడు. కాకపోతే, ఇల్లెక్కడ అని అడిగాడు. పిల్లర్ కింద పడుకునే మనిషి చేతికి పట్టుచీరల మూట ఎవరిస్తారు? ఆమెకు కావలసింది అదొక్కటే, దుకాణంవాడికి చెప్పుకోవడానికి ఒక ఇల్లు.

ఆ వారం మీటింగులో నేను లేచి, వీళ్ల కోసం విడిగా ఇల్లు తెరవాలి అన్నాను. ఈ నగరంలో ఆ మాట అన్న మొదటి మనిషిని నేనేనని అనను గానీ, ఆ గదిలో మాత్రం నేనే. సాహెబ్ చాలా మంచి ఆలోచన అన్నారు. అప్పుడే పరాఠాల డబ్బా వచ్చింది. డబ్బా ఖాళీ అయ్యేసరికి నా ఆలోచన రెండు ముక్కలైంది. నా జోన్‌లో ఒక ఇల్లు, ఆవిడ జోన్‌లో ఒక ఇల్లు, దీపావళి నుంచి హోలీ దాకా నడిపి చూస్తారు. హోలీ అయ్యాక ఏది బాగుంటే అదే ఉంటుంది, రెండోది మూసేస్తారు. "దీదీ, మీ ఐడియా సూపర్" అని ఆవిడ నా భుజం తట్టింది. వేళ్లకు ఇంకా వెన్న ఉంది.

నాకు పాత డిస్పెన్సరీ భవనం దొరికింది. గట్టి గోడలు, సిమెంటు కప్పు. సున్నం వేయించాను, కొత్త ఇనుప మంచాలు, పూల కర్టెన్లు, వేడినీళ్లకు గీజరు పెట్టించాను. లోపల పొయ్యి వెలిగించరాదు అని గోడ మీద బోర్డు రాయించాను. ఆవిడకు ఎప్పుడో మూతబడిన బడి ఇచ్చారు, పైన సిమెంటు రేకులు. ఆ సంగతి తెలిసిన రోజు ఇంటికెళ్లి పాయసం చేశాను. ఏం పండగని మా ఆయన అడిగితే, ఊరికే అన్నాను.

తెరిచే రోజు వచ్చింది. సాహెబ్ కారు కాసేపట్లో వస్తుందనగా వీధి చివర డోలక్ మోగింది. పెద్దవయసు హిజ్రా ఒకామె ముందు, ఆమె చేలాలు వెనక, చప్పట్లు కొడుతూ పాడుతూ వస్తున్నారు. ఢిల్లీలో ఎవరు కొత్త ఇంట్లో దిగినా వాళ్లు వచ్చి దీవించిపోవడం ఆనవాయితీ. దాన్ని బధాయి అంటారు. మా చౌకీదారు నా మొహం చూశాడు.

"సర్కారీ బిల్డింగులో బధాయి ఏమిటి? గేటు వెయ్" అన్నాను.

వేశాడు. వాళ్లు కాసేపు బయట నిలబడి వెళ్లిపోయారు. సాహెబ్ పక్క గేటులోంచి వచ్చి, రిబ్బన్ కత్తిరించి, హిజ్రా సోదరీమణుల సంక్షేమం గురించి చక్కగా మాట్లాడారు. మేమంతా చప్పట్లు కొట్టాం.

మా ఆఫీసు సగం అక్కడే ఉంది. ఎవరి కోసం ఇల్లు తెరుస్తున్నామో వాళ్ల మొహానే గేటు వేశామని ఒక్కరికీ తట్టలేదు. నన్నడిగితే తప్పు ఆ కారుదే అని ఇప్పటికీ అంటాను. ఇంకాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే నాకు ఆలోచించుకునే వ్యవధి దొరికేది.

నల్లగొండ అమ్మాయి మొదటిరోజే వచ్చి చేరింది. ఇంకెవరూ రాలేదు. నేను రోజూ వెళ్లి మంచాలు చూసుకునేదాన్ని. దుప్పట్లు మడత నలగకుండా ఉండేవి. ఆమె నన్ను చూసినప్పుడల్లా పోట్లాడేది.

"గిదేం ఇల్లు మేడమ్, దవాఖాన తీరుంది. ఛాయ్ వెట్టుకుందామంటే పొయ్యి లేదు. ఇన్ని మంచాల నడుమ ఒక్కదాన్ని పంటే నాకు నిద్ర వడ్తలేదు."

"రూలు ఒప్పుకోదమ్మా."

"మరి ఆ రూల్‌నే వొచ్చి నా పక్క మంచంల పనుమను."

కొన్నాళ్లకు ఒక పొద్దున్నే వెళ్లి చూస్తే ఆమె మంచం కూడా ఖాళీ. ఎక్కడికెళ్లిందో చౌకీదారుకు తెలియదు. మళ్లీ పిల్లర్ కిందికే పోయిందేమోనని వెతికాను. నిజంగానే భయం వేసింది. ఎముకలు కొరికే చలి అది.

ఎక్కడుందో తర్వాతి మీటింగులో తెలిసింది. పక్క జోన్ ఆవిడ నవ్వుతూ వచ్చి, "దీదీ, మీ మద్రాసన్ పిల్ల నా దగ్గరుంది, ఎంత తీపి పిల్లో!" అంది. ఆ తర్వాత సాహెబ్ వైపు తిరిగి, "సార్, నా ఇంట్లో చోటు చాలడం లేదు. దీదీ దగ్గర మంచాలు ఖాళీగా ఉన్నాయట. కొన్ని ఇప్పిస్తారా?" అంది.

నా మంచాలు టెంపో ఎక్కి యమున దాటి వెళ్లాయి. నేనే దగ్గరుండి ఎక్కించాను. నా ఒళ్లు ఎలా మండిందంటే, ఆ చలిలో స్వెటర్ విప్పేశాను. తీపి పిల్లట! నాతో ఒక్కరోజు మంచిగా మాట్లాడని మనిషి.

ఆదివారం ఉన్ని కొనుక్కోవాలని ఇంట్లో చెప్పి కరోల్ బాగ్ వెళ్లాను. ఆ బడి సంగతేమిటో నా కళ్లతో చూస్తే తప్ప నాకు అన్నం సహించేలా లేదు. గేటు బార్లా తీసి ఉంది. ఆవరణలో మంచాలన్నీ, నావి కూడా, ఎండలోకి లాగి ఉన్నాయి. దుప్పట్లు కుప్పగా పడి ఉన్నాయి. ఒక మూల పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. ఆవిడ ఆఫీసు కుర్చీలో ఆ ప్రాంతం గురువు, బాగా ముసలామె, కాళ్లు చాపుకుని కూర్చుంది. పక్క జోన్ ఆవిడేమో బోర్లించిన బకెట్ మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. చుట్టూ నవ్వులు. ఆ నవ్వుల మధ్య మా నల్లగొండ అమ్మాయి, ఒళ్లో నెమలికంఠం రంగు చీర పరుచుకుని ఫాల్ కుడుతోంది. దుకాణంవాడు మూట ఇచ్చాడన్నమాట.

"మమ్మీ, మటర్ ఇధర్ దో, మై కర్తీ హూ" అంది ఆవిడతో. బఠాణీలు తను ఒలుస్తుందట.

మమ్మీ! పిల్లర్ దగ్గర కనిపెట్టింది నేను. మీటింగులో లేచి మాట్లాడింది నేను. పేగు తెంచుకు పుట్టిన పిల్లలు నాకూ ఉన్నారు, వాళ్లు ఎవరినో ఆంటీ అంటే నేనేం అనుకోలేదు. ఈ పిల్ల ఆవిడను మమ్మీ అంటే మాత్రం అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. నవ్వు మాయమైంది.

"ఏం మేడమ్, నీ మంచాలు లెక్కవెట్టుకోనీకె వొచ్చినవా?"

పక్క జోన్ ఆవిడ లేచి వచ్చి నన్ను బలవంతంగా కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఇంతమంది ఎలా వచ్చారని అడగకుండా ఉండాలనే అనుకున్నాను. అడిగేశాను.

"అందులో ఏముంది దీదీ? తాళంచెవి నా చేతికి రాగానే మిఠాయి డబ్బా పట్టుకుని గురూజీ దగ్గరికి వెళ్లి, మీరే తెరవండి అన్నాను. ప్రతి వీధీ ఎవరో ఒక గురువు ఇలాకా కదా, మన జోన్లలాగే. ఆమె సరే అంటేనే అందరూ వస్తారు. మీకు తెలియనిదేముంది!"

"తెలుసు" అన్నాను. తెలియదు.

అమ్మాయి సూదికి దారం ఎక్కిస్తూ నా వైపు చూడకుండానే తెలుగులో అంది. "నీ దవాఖాన ఎవరి ఇలాకల ఉందో ఎరికేనా? మా పాత గురువుది. ఆమె నీ ఇల్లు దీవించనీకె డోలక్ వట్టుకోని వొస్తె, నువ్వు ఆమె మొకానే గేటేసినవు. గప్పుడు నేను లోపల్నే ఉన్న, కర్టెన్ ఎనక దాక్కొని. ఆమె ఒద్దనుకున్న ఇంట్ల ఇంకెవలొస్తరు? నాకే భయమయ్యి వొచ్చేసిన."

పైకి చూశాను. అప్పుడు కనిపించింది. రేకుల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పగులు. కింద ఆనించిన ఇనుపకమ్మీ వంగి ఉంది. మా విభాగంలో అన్నేళ్లు భవనాలు చూసినదాన్ని, అది ఏ గాలివానకో కూలుతుందని తెలుస్తూనే ఉంది. "వానొస్తే బకెట్లు పెడతాం దీదీ" అని నవ్వింది ఆవిడ.

ఆ పగులును నేను భద్రంగా మనసులో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

హోలీ ముందు మీటింగులో సాహెబ్ ఆవిడను మెచ్చుకుని, తూర్పు జోన్ ఇల్లు మూసేద్దాం అనబోతుండగా నేను లేచాను. ఆ బడి కప్పు ప్రమాదకరంగా ఉందని, మనుషులను అందులో ఉంచడం మంచిది కాదని చెప్పాను. ఇంజనీరును పంపారు. అతను చూసి, ఒక్కరోజు కూడా ఉంచొద్దన్నాడు. అందరినీ నా భవనంలోకి మార్చాలని నిర్ణయం అయిపోయింది. చెప్పిన మాట నిజం. చెప్పిన కారణం వేరు. ఆవిడ నవ్వలేదు. "నాకు ముందే చెప్పి ఉండొచ్చు కదా దీదీ" అంది, అంతే. ఇంటికెళ్లి మళ్లీ పాయసం చేశాను. తీపి ఎక్కువైందన్నారు మా ఆయన.

మర్నాడు అమ్మాయి నేరుగా మా ఆఫీసుకే వచ్చింది. అందరి బల్లలూ దాటుకుని నా బల్ల ముందు నిలబడింది.

"నా ఇల్లు గూలగొట్టినవు గద?"

"కూలేది ఆ కప్పు. మీ మీదే కూలేది."

"గది నాకూ ఎరికే. ఆ రేకుల కింద పండేది మేమే గద. ఒక్కటి నిజం జెప్పు. రేకులు జూసి జెప్పినవా, మమ్మీని జూసి జెప్పినవా?"

చుట్టుపక్కల ఎవరికీ తెలుగు రాదు. అయినా అందరికీ అర్థమైనట్టే అనిపించింది నాకు. "గొంతు తగ్గించు" అన్నాను.

"తగ్గియ్య. నన్ను తీస్కపోయి మా గురువు ఇలాకల దింపుతవు. ఆమె ఒద్దన్న గేట్ల నేను అడుగువెట్ట. మళ్ల పిల్లర్ కిందికే వోత. దుకాణపోడు చీరెలు ఆపుతడు. గప్పుడు నీ మనసు సల్లవడ్తది."

వెళ్లిపోయింది. నేను ఆ రోజు మధ్యాహ్నం నా అన్నం డబ్బా విప్పలేదు.

అందరినీ మార్చే రోజు బస్సు వచ్చి నా భవనం ముందు ఆగింది. గీజరు వేయించి ఉంచాను, దుప్పట్లు మడతల మీద ఉన్నాయి. ఒక్కరూ దిగలేదు. కిటికీల్లోంచి గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. అమ్మాయి ఆఖరి సీట్లో చీరల మూట పట్టుకుని తల వంచుకుంది. పక్క జోన్ ఆవిడ ఒక్కతే దిగి నా దగ్గరికి వచ్చింది. ఆవిడ వెళ్లి గురువును పిలుస్తుందని, ఆ ఘనత కూడా ఆవిడకే పోతుందని నేను ఎదురుచూస్తున్నాను.

"దీదీ, గేటు మీది. పిలవాల్సింది మీరే" అంది. "కావాలంటే తోడు వస్తాను."

డేరా అదే వీధిలో, మేడ మీద. గురువు మంచం మీద కూర్చుని టీవీలో సీరియల్ చూస్తోంది. మమ్మల్ని చూసినా టీవీ ఆపలేదు. నిలబడే ఉన్నాం. ప్రకటనలు వచ్చినప్పుడు తల తిప్పింది.

"ఏమిటి మేడమ్‌జీ? గేటుకు తాళం పోయిందా?"

"ఆరోజు మా సాహెబ్ వస్తున్నారని..." అన్నాను.

"మీ సాహెబ్ పుట్టినప్పుడు వాళ్లింటికీ మావాళ్లే వెళ్లి దీవించి ఉంటారు. అప్పుడు వాళ్లమ్మ గేటు వేయలేదు."

పక్క జోన్ ఆవిడకు నవ్వు ఆగలేదు. గురువూ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. చలిలో ఆమెను వెతికిన రోజులు, టెంపో ఎక్కిన నా మంచాలు, మమ్మీ అన్న పిలుపు, అన్నీ కలిసి వచ్చేశాయి. "మీ చేలా బస్సులో ఉంది. మీరు రాకపోతే దిగదు. దిగకపోతే దానికి ఇల్లు లేదు" అన్నాను.

 సీరియల్ మళ్లీ మొదలైనా గురువు అటు చూడలేదు. చివరికి, "మీ వైపు కొత్త ఇంట్లో ఏం చేస్తారు?" అని అడిగింది.

"పాలు పొంగిస్తాం."

"అయితే పాలు మీరు పొంగించండి. డోలక్ మేం తెస్తాం" అని లేచింది.

పొయ్యి వెలిగించరాదు అని నేనే రాయించిన బోర్డు కిందే పొయ్యి పెట్టాం. పొయ్యి కూడా డేరాదే. గేటు బార్లా తీయించాను. డోలక్ మోగింది, చప్పట్లు మోగాయి, బస్సు ఖాళీ అయింది. అందరికంటే చివర అమ్మాయి దిగింది. గురువు ఎదుటికి వెళ్లి, వంగి ఆమె కాళ్లు పట్టుకుంది. గురువు ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, చంకలో మూట చూసి, "కుట్టు బాగానే వచ్చిందా?" అంది. నాకు ఆ కళ్లనీళ్ల మధ్యలో కూడా, నా కాళ్లకు ఎప్పుడైనా దణ్ణం పెట్టిందా ఈ పిల్ల అనిపించింది. కుళ్లు ఒకసారి ఇంట్లోకి వచ్చాక ఊరికే పోదు.

గిన్నెలో పాలు పోసి పొయ్యి ముందు కూర్చున్నాను. పాలు పైకి వస్తున్నాయి. వెనక నుంచి వినిపించింది.

"ఆగాగు, గట్లనా పొంగిచ్చేది? గిన్నె తూర్పుకు వొంచి పెట్టు. గింత సదువుకున్నవు, గిదెరుకలేదా?"

"మా తెనాలిలో ఇలాగే పొంగిస్తాం."

"మా నల్లగొండల గట్లగాదు. జరుగు. కొంగు మంటల వడ్తది, సోయిలేదు నీకు. పొద్దట్నుంచి ఏమన్న తిన్నవా లేదా?"

"తిన్నాను."

"అబద్ధం. మొకం జూస్తె తెలుస్తలేదా?"

గిన్నెను ఆమె అటు తిప్పింది, నేను ఇటు తిప్పాను. మా పోట్లాటలో పాలు నాలుగువైపులా పొంగి పొయ్యి ఆరిపోయింది. అందరూ గోలగా చప్పట్లు కొట్టారు. తల తిప్పి చూస్తే, పక్క జోన్ ఆవిడ గుమ్మానికి ఆనుకుని మమ్మల్నే చూస్తోంది. నవ్వుతున్న మొహం కాదది. అలాంటి మొహం నేను రోజూ అద్దంలో చూసుకునేదాన్ని, అందుకే గుర్తుపట్టాను.

తర్వాత చేతులు కడుక్కుంటుంటే నా పక్కకు వచ్చింది.

"దీదీ, నన్ను మమ్మీ అంటుంది. అందరినీ నవ్విస్తాను కదా, నాతోనూ నవ్వుతుంది. జ్వరం వచ్చినా నవ్వుతూ ఠీక్ హై మమ్మీ అంటుంది. ఒక్కరోజు కూడా నాతో పోట్లాడలేదు" అంది. "ఆ అరుపులన్నీ మీకే ఎందుకు? నేనైతే మా అమ్మ మీద తప్ప ఎవరి మీదా అలా అరిచేదాన్ని కాదు."

పంపు ఆపి, తువ్వాలు ఆవిడకే ముందు ఇచ్చాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఆ ఇల్లు నిలబడింది. తర్వాత ఇంకా ఇళ్లు వచ్చాయి. ఇప్పటికీ చాలవు, ఆ సంగతి మీకు తెలుసు, మీరే చూస్తున్నారు. అమ్మాయి బస్సులో కరోల్ బాగ్ వెళ్లి వారం వారం మూట తెచ్చుకునేది. దుకాణంవాడు ఇల్లెక్కడ అని అడిగితే నా జోన్ చిరునామానే చెప్పేది. కాకపోతే ఆ వీధిలో ఎవరినైనా అడిగి చూడండి, ఆ భవనాన్ని 'కరోల్ బాగ్ వాలీ మమ్మీ కా ఘర్' అనే అంటారు. నా జోన్‌లో, నా సున్నం వేసిన గోడలకు, ఆవిడ పేరు. సరిదిద్దాలని ఎన్నిసార్లు ప్రయత్నించానో చెప్పను.

ఆవిడ రిటైరై పంజాబ్ వెళ్లిపోయింది. దీపావళికీ హోలీకీ అమ్మాయి ఆవిడకు ఫోన్ చేసి మమ్మీ అంటుందట. ఆ సంగతి ఆవిడే నాకు ఫోన్ చేసి మరీ చెబుతుంది, చెప్పిన ప్రతిసారీ నా కడుపు మండుతుంది. నాకు పండగలకు ఫోన్ రాదు. నా చీరలకు ఫాల్ ఆమే కుట్టి పంపుతుంది. అందినట్టు చెప్పడానికి నేనే చేసి, కుట్టు కాస్త వంకర పోయిందంటే, మొదలవుతుంది.

"వంకరా? ఏడ వంకర? ఇన్నేండ్ల సంది కుడుతున్న, నాకు నేర్పిస్తున్నవా? ముందు నీ కండ్లు చూపిచ్చుకో. మందులు టైముకు ఏస్కుంటున్నవా లేదా?"

ఫోన్ పెట్టేస్తుంది. మళ్లీ తనే చేస్తుంది. నిన్న ఒక చీర వచ్చింది. మంచం మీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని, అంచు పొడవునా వెతికాను. వంకర ఎక్కడా లేదు. సాయంత్రం ఫోన్ చేసి, ఉందనే చెబుతాను.